గుండు కొట్టించుకున్న కట్ట

మొన్న ఆదివారం మా అమ్మాయి నా ఫోన్‌కు ఒక ఫొటో పంపింది. ఉద్యోగం పేరు చెప్పి కోస్తాకు పోయిన ఆ పిల్ల, సముద్రపు ఒడ్డున మోకాళ్లదాకా బురదలో దిగబడి, చేతిలో ఒక మడ మొక్కను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని నవ్వుతోంది. వెనకాల అదే వయసు వాళ్లు ఇరవై ముప్ఫై మంది, అందరి ఒంటిమీదా ఒకే రంగు బనియన్లు. ఆ ఒడ్డున ఒకప్పుడు మడ అడవి ఉండేదట, రొయ్యల చెరువుల కోసం నరికేశారట, తుపాను వచ్చిన ప్రతిసారీ సముద్రం ఊళ్లోకి వస్తుంటే ఇప్పుడు ఆ నేల మొక్కలనే వెతికి తెచ్చి, ఎవరూ పిలవకుండానే వచ్చిన ఈ పిల్లలంతా మళ్లీ నాటుతున్నారట. ఫొటో కింద, నాయనా ఇట్లాంటివి నీకు తెలుసునా అని ఒక ప్రశ్న కూడా పెట్టింది. తెలుసు అని ఒక్క మాట కొట్టి పంపి, చేతిలో టీ చల్లారిపోయి పైన మీగడ కట్టి, ఆ మీగడ మీద ఈగ వచ్చి కాపురం పెట్టేదాకా కూర్చుండిపోయాను.

సముద్రాన్ని నేను జీవితంలో రెండుసార్లు చూశాను, రెండుసార్లూ దూరం నుంచే. మా హిందూపురం, పెనుకొండ వైపు పుట్టినవాళ్లకు నీళ్లంటే కుండలో కనిపించేవి, బిందెలో మోసేవి. నా చిన్నప్పుడు వాన పడితే పసిపిల్లలు అదేమిటని పెద్దవాళ్లను అడిగేవాళ్లు, పెద్దవాళ్లు కూడా కాస్త ఆలోచించి జవాబు చెప్పేవాళ్లు. అటువంటి సీమలో నీళ్లకు భయపడి నేను వణికిన రోజు ఒకటుంది. ఆ భయాన్ని తెచ్చిపెట్టింది కూడా నేనే. ఎనభైల మొదట్లో కాలేజీకి పోయినవాళ్లకు, సెలవుల్లో ఊళ్లకు పోయి కూలి లేకుండా మట్టిపని చేసే శ్రమదానం క్యాంపు అంటే ఏమిటో వివరించనక్కరలేదు గనక నేరుగా సంగతిలోకి వస్తాను.

మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ నడుమ, రోడ్డు దిగి రెండు మైళ్లు నడిస్తే వస్తుంది. పైన చెరువు, చెరువుకు మట్టికట్ట, కట్ట కింద మడికయ్యలు, వాటిని ఆనుకొని అరవై ఇండ్లు. వాటిలో మొట్టమొదటిది మా అవ్వది. నాయన హిందూపురంలో పరుపులు కుట్టే అంగడి పెట్టుకుంటే నేను ఆయన దగ్గర ఉండి చదువుకునేవాణ్ణి, అవ్వ మాత్రం ఊరు కదలకుండా చాపలు అల్లుకుంటూ ఉండేది. కట్ట లోపలి అంచున, నీళ్లలో కాళ్లు పెట్టుకొని నిలబడినట్టు జమ్ము పెరిగేది. ఆ జమ్ముతో అవ్వ అల్లిన చాప మీద పడుకుంటే కలలు కూడా వరుసగా, అడ్డదిడ్డం లేకుండా వస్తాయని ఊళ్లో పేరు. ఏడాదికి ఒక్కసారి, బిస్మిల్లా అని కొడవలి పట్టుకొని నీళ్లలోకి దిగి, నీటి మట్టం మీద జానెడు వదిలి కోసేది తప్ప ఒక్క దుబ్బును కూడా వేరుతో లాగేది కాదు. మొదటి మోపు నీరుగంటి మామ ఇంటికి పోయేది. చెరువు తూము తెరిచి మూసే ఆయనను నీరుగంటి అంటారు మా వైపు. ఆయన తూము దగ్గర గంగమ్మకు టెంకాయ కొట్టిన రోజు అందులో ఒక చిప్ప మా అవ్వ ఇంటికి వచ్చేది. ఆ మోపుకూ ఈ చిప్పకూ ఉన్న లెక్క ఏమిటో తెలుసుకోవాలన్న ఆలోచనే నాకు అప్పట్లో రాలేదు, ఎందుకంటే నేను డిగ్రీ రెండో సంవత్సరం సైన్సు చదువుతున్నాను.

ఆ ఏడు దసరా సెలవుల్లో మా కాలేజీ క్యాంపు మా ఊళ్లోనే పెట్టారు. మా లెక్చరరుది ధర్మవరం; ఆయన చొక్కా ఇస్త్రీ మడతతో వంకాయ కోయవచ్చు. నా గొంతు పెద్దదనీ ఊరు నాదనీ నన్ను లీడర్ను చేశారు, ఆ పదవి నా తలకెక్కిన వేగానికి హిందూపురం రైలు కూడా సిగ్గుపడాలి. మొదటి వారంలో రెండు ఇంకుడు గుంతలు తవ్వి, బడి గోడకు సున్నం కొట్టి, మిగిలిన కాలమంతా ఉప్మా తిన్నాం. ఆఖరి రోజు పెద్ద ఆఫీసరు జీపులో వస్తాడని కబురు వచ్చింది. ఆ కాలంలో ఏ క్యాంపు ముగిసినా ఒకటే పద్ధతి: దారికి రెండువైపులా రాళ్లు పేర్చి సున్నం పూసేది, నడుమ ఆఫీసరు నడిచేది, ఫొటో తీసేది. లెక్చరరు కట్ట మీదికెక్కి, ఇది అద్దం మాదిరి ఉండాలి అన్నాడు. అద్దం అంటే అద్దమే అనుకున్నాను నేను.

నలభై మందిమి మూడు రోజులు కట్ట మీద పడ్డాం. వాలు పొడుగునా దట్టంగా అల్లుకున్న వావిలి పొదలను గడ్డపారలు పెట్టి వేళ్లతో సహా పెల్లగించాం, తుంగను గీకాం, అంతటితో తృప్తి పడక నీళ్లలోకి దిగి జమ్ము దుబ్బుల్ని నలుగురేసి మంది పట్టుకొని, తాడులాట ఆడినట్టు లాగి పారేశాం. మూడో రోజు సాయంత్రానికి మైలు పొడుగు కట్ట అప్పుడే కొండ దిగివచ్చిన గుండు మాదిరి నున్నగా మెరిసింది. ఆ గుండు మీద, హిందూపురం నర్సరీ నుంచి తెప్పించిన క్రోటన్ మొక్కలు బారుకొకటి నాటాం. అడ్డుపడినవాడు నీరుగంటి మామ ఒక్కడే. భుజం మీద చలికెపార పెట్టుకొని వచ్చి చాలాసేపు చూసి అన్నాడు.

"లీడరప్పా, అది కలుపు గాదు. కట్టకు అదే చర్మం."

"మామా, మేము సైన్సు చదువుకున్నోళ్లం" అన్నాను నేను, నలభై మందికీ వినిపించేటట్టు.

"సైన్సులో వాన ఉండాదా లేదా?" అని అడిగి, జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపోయాడు. మా వాళ్లంతా నవ్వారు, నేనైతే అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇదంతా జరిగేటప్పుడు అవ్వ ఊళ్లో లేదు, అదే అసలు సంగతి. గోరంట్లలో మా మేనత్తకు పురుడు పోయడానికి పోయింది. నాలుగో రోజు పొద్దున బస్సు దిగి, మూట నెత్తిన పెట్టుకొని, ఎప్పటిలాగే కట్ట మీది అడ్డదారిన వచ్చింది. నేను చెయ్యి ఊపుకుంటూ ఎదురుపోయాను, మెచ్చుకుంటుందని. ఆమె మూట దించి, వంగి, మట్టి ఒక పిడికెడు తీసి నలిపింది. అది పిండిలా రాలిపోయింది.

"ఎవుర్రా ఇది పీకించింది?"

"నేనే అవ్వా. లీడర్ను గదా."

నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు. తూర్పు దిక్కు చూసింది. అక్కడ ఒక మబ్బు, గొడ్డును కోసి ఆరబెట్టిన తోలంత నల్లగా లేచి ఉంది. కోస్తాలో తుపాను పట్టిందని ముందురోజే రేడియో చెప్పింది, కోస్తా మనకెంత దూరమో లెక్క వేసి మేము అప్పుడే నవ్వుకున్నాం కూడా. ఏడాదికి కావలసిన జమ్ము, అంటే ఆమె ఏడాది కూడు, కట్ట పక్కన కుప్పగా పడి ఎండుతోంది. క్యాంపు ఆఖరి రోజు మంట వేసుకుందామని దాన్ని నేనే అట్లా పోగు పెట్టించాను. అవ్వ ఆ కుప్పలో ఒక దుబ్బును తిప్పి చూసి, "దీన్ని మాత్రం కాల్చగాకండి" అని చెప్పి ఇంటికి పోయింది.

మధ్యాహ్నం మొదలైన వాన మరుసటి రోజు తెల్లవారినా ఆగలేదు. పెనుకొండ కొండల మీద పడిన చుక్క ఏదీ దారిలో ఎక్కడా కూర్చోకుండా నేరుగా మా చెరువుకే వస్తున్నట్టుంది. నాలుగేళ్లుగా కట్ట వెంబడి మోకాలి లోతున బర్రెలు పొర్లాడే నీళ్లకే చెరువు అని పేరు పెట్టుకొని బతికిన మాకు, పొద్దున లేచేసరికి అవతలి ఒడ్డు కనిపించలేదు. ఊరంతా కట్ట మీదికి చేరింది. నీటి అలలు వచ్చి బోడికట్టను కొడుతున్నాయి, కొట్టిన ప్రతిసారీ ఎద్దుబండెడు మట్టి జారి నీళ్లలో కలుస్తోంది. ఇదివరకు ఆ అలలు జమ్ములో చిక్కుకొని కట్ట దాకా రాకుండానే చచ్చిపోయేవని అప్పుడు చూశాను. మా క్రోటన్లు ఒకటొకటిగా, సెలవు తీసుకున్నట్టు వంగి, నీళ్లలోకి పోతున్నాయి.

లెక్చరరు గొడుగు పట్టుకొని వచ్చాడు, గొడుగు వచ్చిన మరుక్షణమే తిరగబడి మడికయ్యల్లోకి పోయింది. అంతలో కట్ట కింది నుంచి నీరుగంటి మామ కేక వేశాడు. పోయి చూస్తే కట్ట బయటి వైపు, అడుగున, పిల్లవాడి పిడికిలి పట్టేంత బెజ్జం నుంచి నీళ్లు వస్తున్నాయి. మామ దోసిట పట్టి చూపించాడు.

"పొద్దున తేటగా వస్తాండె. ఇప్పుడు చూడండి, ఎర్రగా వస్తాండాది. లోపల కట్ట కరుగుతాండాదన్న మాట."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. చెరువుకు ఒక చివర రాతితో కట్టిన మరవ ఉంటుంది, నిండిన నీళ్లు దానిమీదుగా పొర్లి వాగులోకి పోతాయి. నీళ్లు మరవ అందుకుంటే ఇంక మట్టం పెరగదు, కట్టకు బరువు పెరగదు. ఆ పొద్దు మరవకు ఇంకా జానెడు ఉంది. ఆ జానెడు నిండేదాకా కట్ట నిలిస్తే అరవై ఇండ్లు ఉంటాయి, నిలవకపోతే ఉండవు. ఊళ్లో సగం మంది మరవ పక్కన కట్ట మనమే తెంచేద్దాం, నీళ్లు పోతే పోయె, ఇండ్లు దక్కుతాయి అన్నారు. మిగిలిన సగం, నాలుగేళ్లకు వచ్చిన నీళ్లు వదులుకుంటే మళ్లీ నాలుగేళ్లు బెంగుళూరులో మట్టి మోయాలా అన్నారు. పారలు పైకి లేచాయి. అవి కట్ట మీద పడతాయో ఒకరి మీద ఒకరు పడతాయో తెలియకుండా ఉంది. లీడర్నైన నేను నలుగురి వెనక్కి జరిగాను.

అప్పుడు అవ్వ వచ్చింది, ముసుగు నుంచి నీళ్లు కారుతూ. నీరుగంటి మామతో మాట్లాడింది, మిగిలిన వాళ్లెవరూ ఆమెకు కనపడనట్టు.

"అన్నా, లోపల సుడి యాడుండాది?"

"తూముకు ఇవతల, నడుము లోతులో. కాలికి తగులుతాండాది."

"ఆ కుప్పలో జమ్ము ఉండాది, వావిలి ఉండాది. మోపులు కడతా, నువ్వు కూరు."

"ఒక్కణ్ణి సాలను తల్లీ. మోపును తొక్కిపట్టుకోని నిలబడేదానికి ఇంగొకడు కావల్ల."

అవ్వ అప్పుడు నా వైపు తిరిగింది. "పీకినోడు నువ్వే గదా. దిగు."

దిగాను. ఆ నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే నా పళ్ల చప్పుడుకు అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయాయి. మామ నా చెయ్యి పట్టుకొని నడిపించి, నా కాలిని సుడి మీద, బయటి బెజ్జానికి నీళ్లు లోపలి నుంచి దూరే చోట ఆనించాడు. అక్కడ చెరువు నన్ను లోపలికి లాగింది. ఆ లాగడం ఎవరో మనిషి గట్టిగా పట్టుకొని లాగినట్టే ఉండింది. ఒడ్డున అవ్వ జమ్మును వావిలి కొమ్మలతో కలిపి, నడుమ బంకమట్టి పెట్టి, చాప చుట్టినట్టు చుట్టి, తుంగతో బిగించి ఇచ్చేది. చాపలు అల్లిన ఆ చేతులు ఆ పొద్దు చేసిన వేగం మగ్గం మీద కూడా చూడలేదని తర్వాత మా ధర్మవరం లెక్చరరే ఒప్పుకున్నాడు. మామ మునిగి మోపును సుడిలో కూరేవాడు, నేను రెండు కాళ్లతో దాన్ని తొక్కిపట్టేవాణ్ణి. మొదటి మోపును చెరువు మింగేసింది. రెండోదీ మింగింది. మూడోది నిలిచింది, కదిలింది, మళ్లీ నిలిచింది. కట్ట కింది నుంచి ఇంకా ఎర్రగానే వస్తాండాది అని కేక వినిపించింది.

జారిన చోట మోపులు పరిచి మట్టి పోయడానికి కాలేజీ వాళ్లు, ఊరివాళ్లు బారుగా నిలబడి గంపలు అందించుకున్నారు. మా లెక్చరరు ఇస్త్రీ చొక్కాను నడుముకు చుట్టుకొని బారు నడుమ నిలబడ్డాడు. కానీ పోసిన తడిమట్టి పోసినట్టే జారుతోంది. దాన్ని తొక్కి గట్టి చేయాలి, మనుషుల పాదాలు వెడల్పు, మట్టిలో దిగవు. ఆ సంగతి కనిపెట్టినవాడు గొర్రెలు కాచే మా పక్కింటి పెదనాయన. ఆయన నేరుగా పోయి, దొడ్డి తెరిచి, రెండు వందల గొర్రెలను కట్ట మీదికి తోలుకొచ్చాడు. అవి వానలో కదలనంటే కదలనని ఊరేగింపు ఆపిన ధర్నా మాదిరి నిలబడిపోయాయి. ఆయన పెద్ద పొట్టేలును రెండు చేతులా ఎత్తి భుజాన వేసుకొని ముందు నడిచాడు. పొట్టేలు అరుస్తోంది, దాని వెనక మంద మొత్తం కట్ట మీద పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. ఎనిమిది వందల గిట్టలు మోపుల మీదా మట్టి మీదా పడి దిమ్మిస కొట్టినట్టు కొట్టాయి. మట్టి, కొమ్మ, మట్టి, కొమ్మ, పైన గొర్రెలు. మిగిలిన రెండు మూడు క్రోటన్లు కూడా ఆ తొక్కుడులో పోయాయి. గొర్రెలు వాటిని వాసన చూసి నోరు కూడా పెట్టలేదు.

నేను నీళ్లలో ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. నడుము లోతు నీళ్లు చంకల దాకా వచ్చాయి. మామ నా పక్కనే నిలబడి, ఒక చెయ్యి నా భుజం మీద వేసి ఉంచాడు. అది నేను పడిపోకుండానా, పారిపోకుండానా అని ఇప్పటికీ అనుమానమే. ఒకసారి అడిగాను.

"మామా, కట్ట పోతే మనమేమవుతాం?"

"మనమే ముందు తెలుసుకుంటాంలే. ఊర్కే నిలబడు."

మధ్యాహ్నం దాటిన తర్వాత కట్ట కింద కాపున్న మా లెక్చరరు గొంతు వినిపించింది, కాలేజీలో హాజరు పిలిచినట్టు మెల్లగా, జాగ్రత్తగా. నీళ్లు తేటగా వస్తున్నాయని అన్నాడు. ఆయన మళ్లీ దోసిట పట్టి చూసి, మళ్లీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత ఇంకో ఘడియకు చెరువు చివరి నుంచి ఒక చప్పుడు మొదలైంది, పెండ్లిలో విస్తళ్లు పరుస్తున్నట్టు. మరవ పారుతోంది. నన్ను నలుగురు కలిసి పైకి లాగారు. అవ్వ తన తడి కొంగుతోనే నా తల తుడిచింది. ఆ కొంగులో నా తల కంటే ఎక్కువ నీళ్లున్నాయి. ఆఫీసరు జీపు రోడ్డు మీది వాగు దగ్గరే నిలిచిపోయి వెనక్కి పోయిందని సాయంత్రం తెలిసింది, క్యాంపు మొదలైనప్పటి నుంచి మా లెక్చరరు నవ్వగా చూసింది అప్పుడే.

అసలు పని ఆ తర్వాత మొదలైంది. మోపులు కుళ్లేలోగా బతికిన వేళ్లు వాటి చోటికి రావాలి. క్యాంపులో ఉన్న నలభై మందిలో ప్రతి ఆదివారం మొదటి బస్సుకు మళ్లీ వచ్చినవాళ్లు ఎనిమిది మందే, తొమ్మిదోవాడు మా లెక్చరరు. మా చెరువులో జమ్ము దుబ్బు ఒక్కటి మిగల్లేదు గనక గోరంట్ల వైపు చెరువుల నుంచి తడి గోనెల్లో చుట్టి తెచ్చేవాళ్లం. కండక్టరు శవాన్ని ఎక్కిస్తున్నారేమోనని ప్రతివారం గోనె విప్పించి చూసేవాడు. మూడు కణుపులున్న వేరు ముక్క ఎట్లా తుంచాలో, నీటి అంచు దిగే కొద్దీ దాని వెంటే ఎట్లా నాటాలో, వావిలి కొమ్మను నిలువుగా గాక వాలుగా ఎందుకు గుచ్చాలో అవ్వ చూపించేది. తప్పు చేస్తే లెక్చరరును కూడా వదిలేది కాదు. "సారూ, అది తలకిందులు" అని ఆయన నాటినదాన్ని పీకి మళ్లీ ఆయన చేతికే ఇచ్చేది. గొర్రెల పెదనాయన వేళ్లు పట్టేదాకా మందను కట్ట ఎక్కనీయకుండా ఏడాది పొడుగునా చుట్టుదారిన తిప్పుకున్నాడు. ఆ ఏడాది, మరుసటి ఏడాది కూడా అవ్వ జమ్ము కోయలేదు. చాప అల్లలేదు. కోడలి ఇంట్లో కూర్చొని తింటున్నట్టుందని గొణుగుతూ, ఆదివారాలు తప్ప మిగిలిన రోజులు హిందూపురంలో నాయన పరుపులకు దూది ఏకింది. ఆమె ఎదురుగా అన్నానికి కూర్చున్న ప్రతిసారీ నేను రెండో వడ్డన వద్దని కంచం పక్కకు జరిపేవాణ్ణి. మూడో ఏడు కొడవలి పట్టుకొని నీళ్లలో దిగిన రోజు నన్ను పిలిపించి, మొదటి మోపు నా నెత్తిన పెట్టి, నీరుగంటి మామ ఇంటికి మోయించింది.

ఆ కట్ట ఇప్పటికీ ఉంది. వావిలి ఎంత దట్టంగా అల్లుకుందంటే అందులో ఏనుగు తప్పిపోయినా దొరకదు. దాన్ని ఎవరో నాటారని చెబితే ఊళ్లో కుర్రవాళ్లు నమ్మరు, అది ఎప్పుడూ ఉన్నదే అంటారు. అట్లా అనిపించుకోవడం కంటే పెద్ద బిరుదు లేదని మొదట్లో పొంగిపోయేవాణ్ణి. చెరువు మాత్రం లేదు. పైన వాగులకు ఎవరికి వారు అడ్డాలు వేసుకున్నారు, చుట్టూ బోర్లు వెయ్యి అడుగులు దాటి దిగాయి, చెరువు నడుమ కంపచెట్లు మొలిచాయి. జమ్ము వేళ్లు ఎండిన బురదలో రెండు మూడేళ్లు ఓపిక పట్టి, ఆ తర్వాత పోయాయి. అప్పటికి అవ్వ కూడా లేదు, నీరుగంటి మామ కూడా లేడు, ఆయన కొడుకులకు ఆ పని పేరు కూడా తెలియదు. మరవ రాళ్ల మీద పిల్లలు క్రికెట్టు ఆడుతూ కూర్చుంటారు.

ఆ ఊరికి పోయినప్పుడల్లా నేను తూముకు ఇవతల, ఆ సుడి ఉన్నచోటుకు దిగి కాసేపు నిలబడతాను. నేల గట్టిగా, పొడిగా, నా పాదాన్ని పట్టించుకోకుండా ఉంటుంది. ఆ పొద్దు నా కాలిని అంత బలంగా లాగింది చావేనని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అది చావు కాదు, నిండు చెరువుకు ఉండే బరువేనని ఇప్పుడు తెలుస్తోంది. ఈ మధ్య ఒక వానాకాలం నేను ఊళ్లో ఉండగానే తూర్పున మబ్బు లేచింది, నల్లగా, పెద్దగా. నేను అరుగు దిగి వీధిలోకి వచ్చి కట్ట వైపు చూశాను. అరవై ఇండ్లలో ఒక్కరు కూడా తల తిప్పి కట్ట వైపు చూడలేదు.